రూపం లేనివి, సారం లేనివి

మీ ఇంట్లో కంటికి కనిపించే వస్తువుల పేర్లు పది రాయండి. చెంబు, చాప, తలుపు, దీపం... నిమిషం కూడా పట్టదు. ఇప్పుడు చేతితో తాకలేని వాటి పేర్లు పది రాయండి. మూడో నాలుగో రాయగానే కలం ఆగిపోతుంది. ఈ రెండో జాబితా మనకు అవసరమా? అవసరమేననీ, ఆ మాటలు తెలియకపోతే నష్టపోయేది మనమేననీ నా అభిప్రాయం. ఎలాగో చూద్దాం.

మీరు గుజరాత్ రాష్ట్రంలోని సూరత్ నగరంలో, వడోద్‌లో ఉండి ఈ పాఠం చదువుతున్నారనుకుందాం. వడోద్ పాండేసర పారిశ్రామిక వాడకు సమీపంలో ఉంది. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి ఎన్నో నేత కుటుంబాలు మరమగ్గాల పని కోసం సూరత్‌కు వలస వెళ్లి స్థిరపడ్డాయి. అటువంటి ఇంట్లో అన్నం, నీళ్లు, పడుగు, పేక అనే మాటలకు ముప్పు తక్కువ. వస్తువు ఎదురుగా ఉన్నంత కాలం అది తన పేరును కాపాడుకుంటుంది. కాని నమ్మకం, బాధ్యత, అభ్యంతరం, సమ్మతి వంటి మాటలను కాపాడే వస్తువేదీ ఇంట్లో ఉండదు. వీధిలో గుజరాతీ, కార్ఖానాలో హిందీ వినిపిస్తున్నప్పుడు ముందుగా జారిపోయేవి ఇవే. వీటిని చదువుతోనే నిలుపుకోవాలి.

“కనిపించని వాటికి మాటలు నేర్చుకుని ఏం చేస్తాం? రోజూ పనికివచ్చే మాటలు చాలు” అని కొందరంటారు. వారు రెండు వేరు వేరు విషయాలను ఒకటిగా చూస్తున్నారు. రూపం లేకపోవడం వేరు, సారం లేకపోవడం వేరు. తెలుగులో ఈ రెండింటికీ వేరు వేరు మాటలున్నాయి.

మొదట సారం లేనివాటిని చూడండి. ఈ మాటలు చాలావరకు కళ్లం నుంచి వచ్చాయి. గింజ పట్టని ధాన్యం తాలు, పొల్లు. బియ్యం పోగా మిగిలేది ఊక. లోపల ఏమీ లేని కాయ డొల్ల. చేటతో చెరిగితే పొల్లు గాలికి పోతుంది, గింజ నిలుస్తుంది. అందుకే బరువు లేని మాటను పొల్లు మాట అన్నారు. ఎంతసేపు దంచినా గింజ రాలని ప్రసంగాన్ని ఊకదంపుడు అన్నారు. అచ్చు చేరని హల్లును కూడా పొల్లు అంటామని మీరు వ్యాకరణంలో చదివి ఉంటారు. నేతపనివారికి మరో పోలిక తెలుసు. పోగులు పలచగా ఉన్న గుడ్డకు గంజి దట్టంగా పట్టిస్తే చేతికి బరువుగానే తగులుతుంది. ఒక్క ఉతుకుతో అసలు సంగతి బయటపడుతుంది. కొన్ని వాగ్దానాలూ అంతే.

గగనకుసుమం, కుందేటి కొమ్ము అనే మాటలను గమనించండి. ఆకాశం ఉంది, పువ్వు ఉంది. కుందేలు ఉంది, కొమ్ము ఉంది. లేనిదల్లా ఆ రెండింటి సంబంధమే. అంటే రెండు నిజాలను కలిపి ఒక అబద్ధాన్ని తయారు చేయవచ్చు. పనికి పిలిచే మధ్యవర్తి చెప్పే ఊరు నిజం కావచ్చు, మగ్గమూ నిజం కావచ్చు. అక్కడ మీకు దొరుకుతుందన్న కూలి మాత్రం కుందేటి కొమ్ము కావచ్చు.

ఇక అసందర్భం, అప్రస్తుతం అనే మాటలు. ఇవి నిజానికీ అబద్ధానికీ సంబంధించినవి కావు. కూలి ఎప్పుడిస్తారని అడిగితే యజమాని దానగుణం గురించి చెప్పారనుకోండి. చెప్పింది నిజమే కావచ్చు, కాని అప్రస్తుతం. ఆ మాట తెలిసినవారు మర్యాద తప్పకుండానే సంభాషణను మళ్లీ దారికి తేగలరు.

ఇప్పుడు రూపం లేకపోయినా సారం ఉన్నవి. సున్ననే తీసుకోండి. శూన్యం అనే సంస్కృత పదమే తెలుగులో సున్న అయింది. దానికి స్వయంగా విలువ లేదు. కాని మీటరు లెక్కన కూలి తీసుకునేవారి చీటీలో 900కు బదులు 90 అని పడితే ఆ సున్న బరువెంతో తెలుస్తుంది.

మన తార్కికులు లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించారు. వైశేషిక దర్శనంలో కణాదుడు ఆరు పదార్థాలు చెప్పగా, తరువాతివారు అభావాన్ని ఏడవదిగా చేర్చారు. నేయక ముందు వస్త్రం లేకపోవడం ప్రాగభావం. కాలిపోయిన తరువాత లేకపోవడం ప్రధ్వంసాభావం. మొదటిది తీరే లేమి, రెండవది తీరని లేమి. ఇంకా రాని కూలి, ఇక రాని కూలి రెండూ చేతిలో లేనివే. ఈ తేడాను చెప్పలేనివారు ఎన్నాళ్లు ఎదురు చూడాలో, ఎప్పుడు నిలదీయాలో ఎలా తేల్చుకుంటారు?

హక్కు అనేదీ ఇటువంటిదే. దానిని ఎవరూ చూడలేదు. 1956లో ఏడవ సవరణ ద్వారా మన రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించడానికి తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలూ, స్థానిక సంస్థలూ కృషి చేయాలని అది చెబుతుంది. సూరత్ నగరపాలక పాఠశాలల్లో తెలుగు మాధ్యమానికి కూడా చోటు దక్కింది. బడికి గోడలుంటాయి, బల్లలుంటాయి. వాటి వెనుక ఉన్న భావానికి రూపం లేదు. కాని ఆ భావాన్ని పేరు పెట్టి అడగలేనివారికి గోడలూ దక్కవు.

ఇటువంటి మాటలు కల్పించుకునే సాధనాలు తెలుగులోనే ఉన్నాయి. మంచి నుంచి మంచితనం, పేద నుంచి పేదరికం, పెద్ద నుంచి పెద్దరికం వచ్చాయి. ఉండడాన్ని కలిమి అనీ, లేకపోవడాన్ని లేమి అనీ ఎంత చిన్న మాటల్లో చెప్పుకున్నామో చూడండి.

ఇకపై ఎవరైనా మీకు కంటికి కనిపించనిది ఏదైనా ఇస్తానన్నప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది రూపం లేనిదా, సారం లేనిదా? సారం లేనిదైతే పొల్లు అనండి. సారం ఉన్నదైతే దాని పేరు నేర్చుకోండి, మీ పిల్లలకు తెలుగులో నేర్పండి. పేరు తెలిసినదానిని పోగొట్టుకుంటే, పోయిందన్న సంగతైనా మనకు తెలుస్తుంది.