ఆకుపచ్చ చుక్క



ఈ నెల మీ ఇంట్లో పిల్లలను ఒక మాట అడగండి. "నీ గేమ్ మెషీన్‌లో ఏదైనా బాగోలేదా? బాగోలేకపోతే నాకు చెప్పకుండా దాచావా?" అని. కోపంగా అడగకండి. భోజనం దగ్గర మామూలుగా అడగండి. మా ఇంట్లో ఒక పిల్లవాడు నాలుగు నెలలు దాచాడు. అందుకే రాస్తున్నాను.

పోయిన దీపావళికి మా అమ్మ తన మనవడికి, అంటే మా తమ్ముడి కొడుక్కి, చేతిలో పట్టుకొని ఆడే గేమ్ కన్సోల్ కొనిచ్చింది. ఆ డబ్బు ఆమె తన పెన్షన్‌లోంచి నెలనెలా పక్కన పెట్టినది. వాడికి 11 ఏళ్ళు. ఒక ఆదివారం వాడు ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఒక బటన్ నొక్కిన ప్రతిసారీ వాడు దాన్ని గోటితో పైకి లాగుతున్నాడు. ఎందుకని అడిగాను. బటన్ లోపలికి దిగితే దానంతట అది పైకి రావడం లేదట. తరువాత స్క్రీన్ మూల చూపించాడు. అక్కడ ఆవగింజలో పావు వంతు కూడా లేని ఆకుపచ్చ చుక్క ఒకటి వెలుగుతోంది. ఆట మారినా ఆ చుక్క మారదు.

"ఇది ఎప్పటినుంచి?" అన్నాను.

"చుక్క మొదటి రోజునుంచే ఉంది అత్తా. బటన్ తరువాత పాడైంది. అవ్వకు చెప్పొద్దు. చెడిపోయింది కొన్నానని బాధపడుతుంది."

ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పిల్లలు తప్పు చేసి దాచడం చాలా చూశాను. తప్పు తమది కానప్పుడు కూడా పెద్దవాళ్ళ మనసు కోసం దాస్తారని ఆ రోజే బాగా తెలిసింది.

ముందు ఆ చుక్క సంగతి చెబుతాను. స్క్రీన్ మీద బొమ్మ అంతా చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. వాటిని పిక్సెల్స్ అంటారు. 1989లో వచ్చిన మొదటి గేమ్ బాయ్‌లో అడ్డంగా 160, నిలువుగా 144, మొత్తం 23,040 చుక్కలు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో అడ్డంగా 1,280, నిలువుగా 720, మొత్తం 9,21,600. ఒక్కొక్క చుక్కలో మళ్ళీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు భాగాలు. అంటే 27 లక్షలకు పైగా చిన్న దీపాల వంటివి ఒక అరచేతి అద్దంలో ఉన్నాయి. వాటిలో ఒకటి ఎప్పటికీ వెలగకపోతే నల్ల చుక్క. ఒకటి ఎప్పటికీ ఆరకపోతే రంగు చుక్క. మా వాడిది రెండో రకం.

అన్ని లక్షల్లో ఒకటి పోతే అది లోపమా, కాదా? ఎల్‌సీడీ స్క్రీన్‌లో అలాంటి చుక్కలు కొద్దిగా ఉండటం మామూలేనని, వాటిని లోపంగా లెక్కించకూడదని స్విచ్ వచ్చిన కొత్తలో నింటెండో కంపెనీయే రాసింది. లెక్కలో చూస్తే అది సరే అనిపిస్తుంది. కానీ చుక్క ఎక్కడుంది అన్నది కూడా చూడాలి. మూలలో ఉంటే వారం తరువాత మరిచిపోతాం. నడి మధ్యన ఉంటే ప్రతి ఆటలోనూ కన్ను అక్కడికే పోతుంది.

స్క్రీన్‌లో ఇంకో సంగతి ఉంది. చీకటి గదిలో నల్లని బొమ్మ పెట్టి చూస్తే అంచుల దగ్గర వెలుతురు కారినట్టు కనిపిస్తుంది. ఎల్‌సీడీ వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. చట్రం ఒకచోట ఎక్కువ బిగిస్తే అక్కడ ఆ వెలుతురు బయటికి వస్తుంది. ఇది సాధారణంగా పెరగదు. పగలు కనపడనే కనపడదు. ఓఎల్ఈడీ స్క్రీన్‌లో వెనక దీపం ఉండదు. ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. అందుకని ఈ వెలుతురు కారడం అందులో లేదు. కానీ దానికి వేరే జబ్బు. 2011లో వచ్చిన సోనీ పీఎస్ వీటాలో చీకటి దృశ్యం వస్తే మరకలు మరకలుగా కనిపించేది. చాలామంది అది తమ మెషీన్ ఒక్కదానికే వచ్చిన లోపం అనుకున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 2021లో వచ్చిన స్విచ్ ఓఎల్ఈడీ అద్దం మీద ఒక పలుచని పొర అంటించి ఉంటుంది. అద్దం పగిలితే ముక్కలు చెదరకుండా ఉండటానికి అది. ప్యాకింగ్ కాగితం అనుకొని పీకేయకండి.

ఇప్పుడు మెషీన్ ఒంటి సంగతి. కదిలే భాగం ఉన్నచోటే ఎక్కువగా లోపం వస్తుంది. 2006 నాటి డీఎస్ లైట్ పుస్తకంలా మూసే మెషీన్. దాని మడత బందు దగ్గర ప్లాస్టిక్ పగలడం చాలా ఇళ్ళలో చూశారు. స్విచ్ పక్కన పెట్టే జాయ్‌కాన్ కర్రల సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ముట్టుకోకపోయినా ఆటలో బొమ్మ తనంతట తాను ఒక పక్కకు నడుస్తుంది. కర్ర కింద కార్బన్ పూత ఉంటుంది. లోపలి లోహం దాని మీద రాసుకుంటూ ఎటు వైపు తోశామో చెబుతుంది. ఆ పూత అరిగినా, దుమ్ము చేరినా అబద్ధం చెబుతుంది. 2020లో ఆ కంపెనీ అధ్యక్షుడే ఈ ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. అయస్కాంతంతో పనిచేసే కర్రలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిలో రాసుకునే పూత లేదు కాబట్టి ఆ అరుగుదల లేదు.

కాబట్టి నా లెక్క ఇది. పెరగని లోపం, ఆటకు అడ్డం రాని లోపం అయితే మీ ఇష్టం, ఉండనివ్వవచ్చు. పెరిగే లోపం, చేతికి అడ్డం వచ్చే లోపం అయితే ఒక్క రోజు కూడా ఆగకండి. మొదటి వారంలోనే చూసుకోండి. చాలా కన్సోళ్ళలో మెనూను తెల్లగా, నల్లగా మార్చే సెట్టింగ్ ఉంటుంది. తెల్లగా పెట్టి నల్ల చుక్కల కోసం, నల్లగా పెట్టి రంగు చుక్కల కోసం చూడండి. ప్రతి బటన్ పదిసార్లు నొక్కండి. కర్రను వదిలేసి బొమ్మ కదలకుండా ఉందా చూడండి. రెండు చేతులతో పట్టుకొని మెల్లగా ఒత్తి, కిర్రుమంటుందేమో వినండి. ఒకసారి చూశాక ఆపేయండి. రోజూ భూతద్దం పెట్టి వెతికితే ఆట మీద ఆశే పోతుంది.

ఇక మన దేశం చట్టం. మనలో చాలామందికి ఇది తెలియదు. దక్షిణ ఆఫ్రికాలో 2008 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. దాని 56వ సెక్షన్ ప్రకారం వస్తువు నాణ్యంగా లేకపోతే ఇంటికి వచ్చిన ఆరు నెలల లోపల అంగడికి తిరిగి ఇవ్వవచ్చు. రిపేరు చేయాలా, కొత్తది ఇవ్వాలా, డబ్బు వాపసు ఇవ్వాలా అన్నది చెప్పవలసింది కొన్నవారు. అంగడివారు కాదు. రిపేరు చేశాక మూడు నెలల లోపల అది మళ్ళీ చెడినా, ఇంకో లోపం బయటపడినా, కొత్తదో డబ్బో ఇవ్వాలి. మనం కింద పడేసినదానికీ, విప్పి మార్చినదానికీ ఇది వర్తించదు. పక్కింటివాళ్ళు తమ పాతది ఒకటి మనకు అమ్మితే దానికీ వర్తించదు. అంగడివారు లోపం ముందే చూపించి, తక్కువ ధరకు ఇచ్చి, మనం ఒప్పుకొని కొన్నా అంతే. ఒక్క చుక్క విషయంలో వాదన రావచ్చు. పనిచేయని బటన్ విషయంలో వాదన ఏముంది?

ఆ సాయంత్రం నేను మా అమ్మకు చెప్పాను. వాడికి మాట ఇవ్వలేదు కాబట్టి మాట తప్పలేదు. అమ్మ వాణ్ణి పిలిచి, ఆ చుక్క ఎక్కడో చూపించమంది. వాడు ఆమె వేలు పట్టుకొని చుక్క మీద పెట్టాడు. అమ్మకు కళ్ళలో పొర వచ్చింది. ఎంత చూసినా కనపడలేదు.

"నాకు కనపడదు నాయనా. నీకు కనపడుతోంది కదా? అయితే ఉన్నట్టే," అంది.

తరువాత బిస్కెట్ డబ్బా తెచ్చింది. అందులో కరెంటు బిల్లుల కింద అంగడి స్లిప్ మడత పెట్టి ఉంది. స్లిప్ మీది సిరా కొన్ని నెలలకు వెలిసిపోతుంది. మీరు మీ స్లిప్‌లకు ఈరోజే ఫోటో తీసి ఉంచండి.

శనివారం ముగ్గురం వెళ్ళాం. కౌంటర్ దగ్గర అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. చుక్క ఒక్కటే కాబట్టి లెక్కలోకి రాదన్నాడు. బటన్ రిపేరుకు పంపుతామన్నాడు. ఆరు వారాలు పడుతుందన్నాడు. అమ్మ నా చెయ్యి లాగి, "పోనీలేవే, సర్దుకుందాం," అంది. వెనక వరుసలో మనుషులు చూస్తున్నారు. నాకూ సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గు మీకు తెలుసు.

అప్పుడు నేను తేదీ చెప్పాను. నాలుగు నెలలు అయింది, ఆరు నెలలు కాలేదు అన్నాను. సెక్షన్ నంబరు చెప్పాను. గొంతు పెంచలేదు. మేనేజర్ వచ్చి స్లిప్ చూసి, బటన్ మూడుసార్లు నొక్కి చూసి, కొత్త మెషీన్ ఇచ్చాడు. వినకపోతే వినియోగ వస్తువులు, సేవల ఆంబుడ్‌కు రాసేదాన్ని. దానికి మనం డబ్బు కట్టనక్కరలేదు.

సర్దుకుపోవడం మన పెద్దలనుంచి వచ్చిన గుణం అని మనం తరచుగా అంటాం. అది సగమే నిజం. 1860 నవంబరు 16న మద్రాసునుంచి ట్రూరో ఓడ డర్బన్‌కు చేరింది. ఐదేళ్ళ ఒప్పందం మీద వచ్చినవారు వాళ్ళు. 1871లో వాళ్ళలో కొందరు మద్రాసుకు తిరిగి వెళ్ళి, ఇక్కడ చెరుకు తోటల్లో ఏం జరిగిందో అధికారులకు చెప్పారు. ఆ మాటల వల్లే 1872లో నేటాల్‌లో విచారణ కమిషన్ కూర్చుంది. 1874లో ఓడలు మళ్ళీ మొదలయ్యేసరికి కొన్ని నియమాలు మారాయి. కష్టాలు తీరలేదు, కానీ మాట రికార్డులోకి ఎక్కింది. ఒక ఆట పెట్టెను ఆ కష్టంతో పోల్చడం లేదు. అంతటి భయంలోనే వాళ్ళు నోరు విప్పారు. మనం ఒక కౌంటర్ దగ్గర విప్పలేమా?

ఇంటికి వచ్చాక వాడు కొత్తది తెరిచి, దీపాలు ఆర్పి, తెల్లగా నల్లగా పెట్టి చూశాడు. చుక్క లేదు. బటన్లు అన్నీ బాగున్నాయి. కింది మూలలో మాత్రం సన్నగా వెలుతురు కారుతోంది.

"అవ్వా, ఇక్కడ ఒకటి ఉంది చూడు," అని తనే పిలిచి చెప్పాడు.

"మళ్ళీ పోదామా?" అంది అమ్మ, చెప్పులకోసం చూస్తూ.

"వద్దు అవ్వా. ఇది పెరగదు. ఉండనీ."

వచ్చే నెల మళ్ళీ ఈ పేజీలో కలుద్దాం. అంతవరకు సెలవు.