ఏడిపించారు సరే, కారణం చెప్పరా?

'కమిటీ కుర్రోళ్ళు' 2024 ఆగస్టు 9న విడుదలైంది. ఆ రోజు ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. పగలంతా ర్యాలీలో తిరిగి, సాయంత్రం పేట్ బషీరాబాద్ నుంచి ఆటో ఎక్కి కొంపల్లి పోయి సినిమా చూశాం. తేదీ అట్లా కలిసిందంతే కావచ్చు. కానీ హాల్లో కూర్చున్నంతసేపూ అది మమ్మల్ని గుచ్చుతూనే ఉంది.

యదు వంశీకి దర్శకుడిగా తొలి సినిమా, నిర్మాత నిహారిక కొణిదెల. గోదావరి పల్లెలో కలిసి పెరిగిన పదకొండు మంది కుర్రాళ్ల కథ. చిన్నప్పటి అల్లరికి మేమూ నవ్వాం, నవ్వలేదంటే అబద్ధం. తర్వాత ఎంసెట్ వస్తుంది. సీటు దగ్గర రిజర్వేషన్ మాట లేస్తుంది. దోస్తులు విడిపోతారు. జాతరలో కొట్లాట, ఒకడు చచ్చిపోతాడు. పన్నెండేళ్లకు మళ్లీ జాతర వచ్చేసరికి కుమిలి కుమిలి అందరూ ఒకటవుతారు. మా ముందు వరుసలో ముక్కులు చీదుకున్నారు. మా కళ్లూ తడిశాయి. మా ఫిర్యాదే అది. అంత ఏడ్చాక ఇక అడగడానికి ఎవరికీ నోరు రాదు.

ఆ కథ లెక్క ప్రకారం స్నేహం నిండుగా ఉండేది, రిజర్వేషన్ వచ్చి దాన్ని చీల్చింది. మాకు జరిగింది అది కాదు. "నీకేందిరా, నీకు సీటు ఎట్లయినా వస్తది" అనే మాట మేం ర్యాంకు రాకముందే, పరీక్ష రాయకముందే విన్నాం. నవ్వుతూనే అన్నారు, మా భుజం మీద చెయ్యేసి. ఎవరింట్లో వాకిలి దాటి లోపలికి రానిచ్చారో, ఎవరింట్లో అరుగు దగ్గరే ఆపారో మాకు యాదికుంది. పగులు అప్పటికే ఉంది.

ఇక సీటు లెక్క. తెలంగాణ జనాభాలో మేం తొమ్మిది శాతం పైనే. రాష్ట్రం వచ్చాక కూడా ఎనిమిదేళ్లు మా వాటా ఆరు శాతమే. 2022 సెప్టెంబర్ 30న జీవో 33 వస్తే గానీ పది కాలేదు. ఏజెన్సీ బళ్లలో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. ఒకటో తరగతిలో కోయ మాట్లాడే పిల్లవాడికి కోయ రాని సారు వస్తే వాడి ర్యాంకు ఆనాడే తగ్గుతుంది. ఎంసెట్ దాకా ఆగాల్సిన పని లేదు. ఆ పోయిన సీట్లకు వయొలిన్లు మోగిన సినిమా మేమింకా చూడలేదు.

మా గదిలో కోయలం, లంబాడీలం కలిసే ఉంటాం. మా మధ్యా రిజర్వేషన్ తగాదా ఉంది. 2017లో అది రోడ్డెక్కింది, దాచేదేం లేదు. లెక్కలు తీసి అరుచుకుంటాం, ఒక్కోసారి రెండు రోజులు మాటలుండవు. అన్నం మాత్రం ఒకే గిన్నెలో ఉడుకుతుంది.

జాతర సంగతి మాకు చెప్పాలా? ఆ ఏడాది ఫిబ్రవరిలోనే మేడారం పోయొచ్చాం. జంపన్న వాగులో మునిగే ముసలమ్మనడుగు, ఆ కొడుకు అక్కడ ఎందుకు కూలాడో చెప్తుంది. కరువులో కప్పం కట్టమన్న కాకతీయుల సైన్యంతో కొట్లాడి కూలాడు. రెండేళ్లకోసారి లక్షల మంది తలుచుకునేది చావునొక్కటే కాదు, దాని కారణాన్ని కూడా. రెండు వైపులా తప్పుందిలే, కలిసిపోదాం అని అక్కడ ఎవరూ అనరు. సినిమా జాతర మాత్రం కారణాన్ని గంగలో కలపడానికే వస్తుంది. దానికి జాతీయ సమైక్యత కింద గద్దర్ అవార్డు కూడా ఇచ్చారు. గద్దర్ పేరు మీద!

మాలో ఒకరికి ఆశ్రమ పాఠశాలలో పక్క ట్రంకు పెట్టె దోస్తు ఒకడుండేవాడు. ఆరో తరగతిలో జ్వరమొచ్చి ఇంటికి పోయాడు, తిరిగి రాలేదు. ఎండాకాలం సెలవుల ముందు వాళ్ల నాయన వచ్చి పెట్టె తెరిచాడు. సగం అరిగిన సబ్బు, రెండు నోటుబుక్కులు. "ఏం జరమొచ్చింది సార్?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. పెట్టె నెత్తిన పెట్టుకొని పోయాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాతో వచ్చిన మిత్రుడు, మావాడు కాదు, "చివరికి కలిశారు కదా, ఇంకేం కావాలి మీకు?" అన్నాడు. మేం ఈ పెట్టె సంగతి చెప్పాం. కాసేపు గమ్మునున్నాడు. సుచిత్ర వైపు పోయే లారీల మోతలో కొంచెం గట్టిగానే అడిగాడు.

"ఇంతకీ ఏం జ్వరమట?"

ఇప్పటికీ తెలవదన్నాం.