ఈ వేసవికి పదనీరు కాచుదాం



వేసవి సెలవుల్లో పిల్లలకు ఏం పెడదామని గ్రూపులో మళ్ళీ మాట మొదలైంది. ఎప్పటిలాగే పద్యాల పోటీ, అచ్చులు హల్లుల క్లాసు అంటున్నారు. మేము వేరే మాట చెప్పదలిచాం. ఒక ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని పదనీరు కాచి తాటిబెల్లం చేద్దాం.

నవ్వకండి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక తమిళనాడులో మన పిల్లలు బడిలో తెలుగు చదివే దారి ఇరుకైంది. చాలా ఇళ్ళలో తెలుగు ఇక నోటిమాటే. అందులోనూ ముందు పోతున్నవి వంటింటి మాటలు. రా, పో, అన్నం తిను అంటే పిల్లలకు తెలుసు. తెట్టె, అడుగంటడం, తీగపాకం, ఉండపాకం అంటే తెల్లముఖం వేస్తారు. ఇవి పలక మీద రాసిస్తే వచ్చేవి కావు. "పొంగుతోంది, మంట తగ్గించరా!" అని అవ్వ కేకేస్తే ఒక్కసారికే వస్తాయి.

కెనడాలో చలికాలం చివర మేపుల్ చెట్టుకు బెజ్జం పెట్టి, కారిన నీటిని పిల్లలతో కలిసి సిరప్‌గా కాచుకుంటారు. సుమారు 40 లీటర్లు కాస్తే ఒక లీటరు. అక్కడున్న మనవాళ్ళు వీడియోలు పంపితే ముచ్చటపడి చూస్తాం. మన ఊరి తాటిచెట్టు అంతకంటే ఉదారమైనది, 10 లీటర్లకే ఇంచుమించు కిలో బెల్లం ఇస్తుంది. పైగా ఈ రాష్ట్ర వృక్షం అదే.

పదనీరు ఆ పొద్దున దించినదే కావాలి. కుండ లోపల సున్నం పూస్తారు కాబట్టి అది పులియదు. సున్నం లేకపోతే మధ్యాహ్నానికి కల్లే. ఎందుకని పిల్లలే అడుగుతారు, చెట్టెక్కినాయనే చెప్పాలి. ఆయన్ని కూలికి కాదు, గురువుగా పిలుద్దాం, దానికి తగ్గట్టే ఇద్దాం. సున్నం తేరాక గుడ్డలో వడకట్టి వెడల్పాటి బాణలిలో కాచాలి. రెండు మూడు గంటలు పడుతుంది. పొంగు అణచడానికి నలిపిన ఆముదం గింజ వేసే అలవాటుంది. గింజ విషం, పిల్లలుండే చోట అది వద్దు, గరిటె చాలు. పాకం చల్లనీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. అప్పుడు దించి, చిక్కబడేదాకా కలిపి కొబ్బరిచిప్పల్లో పోయాలి.

వేడి పాకం ఒంటి మీద పడితే ఎలా అని తల్లుల భయం. న్యాయమే. గరిటె పెద్దల చేతిలోనే ఉండాలి. చిప్పలు కడగడం, నీళ్ళగిన్నెలో ఉండ నొక్కి చూడటం పిల్లల పని. అంగట్లో కరుప్పట్టి దొరుకుతుంది కదా అనేవారికి ఒకటే మాట: చక్కెర కలిపినదేదో, అసలుదేదో మీ నాలుక చెప్పగలదా? ఆ రోజు వేడి వేడి చిప్పబెల్లం కొరికిన పిల్లవాడి నాలుక చెబుతుంది.

పదనీటి కాలం దాటకముందే ఆదివారం ఖాయం చేయాలి. వెడల్పాటి పెద్ద బాణలి ఎవరింట్లో ఉందో కింద రాయండి. పాకం పట్టడం తెలిసిన అవ్వలెవరో కూడా.