పదహారు పిక్సెళ్ల బొమ్మని ఎంత నమ్మొచ్చు?

ఫోన్‌లో గూగుల్ తెరిచి ఏదో ఒకటి వెతకండి. ప్రతి రిజల్ట్ పక్కన ఒక బుల్లి బొమ్మ ఉంటుంది. యూట్యూబ్‌కి ఎర్ర బటన్, వికీపీడియాకి ‘డబ్ల్యూ’. నిజం చెప్పండి, మనలో ఎంతమంది సైటు పేరు చదువుతాం? బొమ్మ గుర్తుపడతాం, నొక్కేస్తాం. అంతే!

ఈ బొమ్మ పేరు ఫేవికాన్. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5తో వచ్చింది. ఆ బ్రౌజర్‌లో బుక్‌మార్కుల్ని ‘ఫేవరెట్స్’ అనేవాళ్లు. ఫేవరెట్స్ పక్కన కనిపించే ఐకాన్ కాబట్టి ఫేవికాన్. సైజు 16×16, అంటే మొత్తం 256 చుక్కలు.

బ్రౌజర్‌కి ఇది ఎలా దొరుకుతుంది? ముందు పేజీ కోడ్‌లో ‘మా ఐకాన్ ఫలానా చోట ఉంది’ అని రాసి ఉందేమో చూస్తుంది. లేకపోతే సైటు అడ్రస్ చివర ‘ఫేవికాన్ డాట్ ఐకో’ అని తగిలించి అడిగి చూస్తుంది. ఇప్పుడు ఒక్క సైజు సరిపోదు. ఐఫోన్ హోమ్ స్క్రీన్‌కి 180, ఆండ్రాయిడ్‌కి 192, 512 పిక్సెళ్ల బొమ్మలు కూడా పెడుతుంటారు.

ఇక మా వైపు కష్టాలు. లింకులు దాచుకునే యాప్ ఒకటి కడుతున్నాం అనుకోండి. ప్రతి లింక్ పక్కన ఆ సైటు ఐకాన్ చూపించాలి. సులువైన దారి ఏంటంటే, గూగుల్, డక్‌డక్‌గో లాంటివాళ్ల ఐకాన్ సర్వీసు. డొమైన్ పేరు ఇస్తే బొమ్మ ఇస్తాయి. ఒక్క లైను కోడ్, పనైపోయింది.

కానీ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మీరు దాచుకున్న లింకుల్లో ఒకటి డిప్రెషన్ గురించి, ఒకటి అప్పుల యాప్, ఒకటి కొత్త ఉద్యోగం వేట. మీ ఫోన్ నేరుగా ఆ సర్వీసునే బొమ్మలు అడిగితే, ఆ డొమైన్ పేర్లన్నీ వాళ్లకి చేరినట్టే. 2020 జులైలో డక్‌డక్‌గో ఆండ్రాయిడ్ యాప్ మీద సరిగ్గా ఈ గొడవే వచ్చింది. ఐకాన్ కోసం యాప్ కంపెనీ సర్వర్‌ని అడుగుతోందని, దాంతో యూజర్ ఏ సైటుకి వెళ్లాడో అక్కడికి తెలుస్తుందని విమర్శ. మేమేమీ దాచుకోవట్లేదని కంపెనీ చెప్పింది. అయినా పద్ధతి మార్చుకుంది.

అందుకే నాకు నచ్చే దారి: ఐకాన్‌ని మన సర్వరే తెచ్చి, కొన్నాళ్లు దాచిపెట్టి, అక్కడి నుంచే అందరికీ చూపించడం. దీనికీ జాగ్రత్తలున్నాయి. ఎవడో తెలివైనవాడు సైటు లింక్ బదులు మన కంపెనీ లోపలి అడ్రస్ ఇచ్చి, మన సర్వర్‌తోనే లోపలి తలుపు కొట్టించగలడు. అలాంటి అడ్రస్‌లన్నీ ముందే బ్లాక్ చెయ్యాలి. సైజుకి, టైముకి హద్దు పెట్టాలి.

ఐకాన్ దొరక్కపోతే? పేరులో మొదటి అక్షరాన్ని రంగు గుండ్రంలో చూపిస్తాం. ఇంగ్లిష్‌కి ఇది తేలికే. మన తెలుగుకే తంటా. ‘శ్రీ’ మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం శ, పొల్లు, ర, గుడిదీర్ఘం.. నాలుగు ముక్కలు. ‘మొదటిది ఇవ్వు’ అంటే ‘శ’ ఇచ్చి ఊరుకుంటుంది! తెలుగు పేర్లతో టెస్ట్ చేస్తే తప్ప ఇది బయటపడదు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఫేవికాన్‌గా ఏ బొమ్మ పెట్టుకోవాలో సైటు వాడి ఇష్టం. మీ బ్యాంకు లోగోని ఎవడైనా పెట్టుకోవచ్చు, ఆపేవాడు ఉండడు. 2009లో మాక్సీ మార్లిన్‌స్పైక్ అనే సెక్యూరిటీ నిపుణుడు తాళంకప్ప బొమ్మనే ఫేవికాన్‌గా పెట్టి, సురక్షితం కాని పేజీని సురక్షితంగా ఎలా భ్రమింపజేయొచ్చో చూపించాడు. ఇలాంటి మోసాల వల్లే 2012లో ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్ నుంచి ఫేవికాన్ల్ని తీసేసింది.

మరి దేన్ని నమ్మాలి? అడ్రస్‌ని. మన బ్యాంకులు 2025 అక్టోబర్ 31 కల్లా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ డొమైన్‌కి మారాలని ఆర్‌బీఐ చెప్పింది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ. బ్యాంకులకి తప్ప ఎవరికీ ఇవ్వదు. చూడాల్సింది మాత్రం డొమైన్ చివర. ‘బ్యాంక్ డాట్ ఇన్’ మధ్యలో వచ్చి, దాని వెనక మరో డాట్, మరో పేరు ఉంటే అది మీ బ్యాంకు కాదు.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. వాట్సాప్‌లో బ్యాంకు లింక్ ఏదైనా వస్తే, బొమ్మ చూసి నొక్కకుండా అడ్రస్ చివరి దాకా చదవండి. ఇంట్లో అమ్మకి, నాన్నకి కూడా చూపించండి. ఐదు సెకన్ల పనే.