టమాటకు గంటసేపు బేరం.. కారుకు చేతులు కట్టుకునుడా?

మాదన్నపేట మండిల పొద్దుగాల నాలుగు గంటలకు నిలవడి చూడుండ్రి. టమాట డబ్బా మీద పది రూపాయలు తగ్గియ్యమని చిల్లర దుకాణపోడు అడ్తిదారుతోని ఎంత కొట్లాడ్తడో! తిడ్తడు, దండం పెడ్తడు, రెండడుగులు పోయి మళ్ల ఎనుకకు వస్తడు. నేను ఇరవై ఏండ్ల సంది ఈ మండి హమాలీల ముచ్చట్లల్ల తిరుగుతున్న. ఇక్కడ బేరం ఆడకుండ సరుకు కొన్న మనిషిని ఒక్కన్ని చూడలే. అటు లాడ్ బజార్ల గాజులు కొనబోయిన మన ఆడబిడ్డలు అయిదొందలు చెప్పినదాన్ని నూటయాభైకి అడుగుతరు. అడుగుడు తప్పని ఎవ్వలూ అనుకోరు.

గీ మనుషులే కారు షోరూంకు పోతే ఏమైతదో పోయిన నెల కండ్లార చూసిన. మా మేనల్లుడు ఇబ్రహీంపట్నం అవుతల ఊర్లె ఉంటడు. కూరగాయల బండితోని వారానికి నాలుగుసార్లు మా మండికి వస్తడు. వాళ్ల నాయిన్ని నెలకు రెండుసార్లు పట్నం దవాఖానకు తీస్కరావాలె. కిరాయి కార్లకు పెట్టి పెట్టి యాష్టకొచ్చి, చిట్టి ఎత్తి రెండు లక్షలు చేతుల పట్టుకున్నడు. "మామా, చిన్న కారు తీస్కుంట, నువ్వు తోడు రా" అన్నడు. పోయినం. ఏసీ చల్లగ తగిలింది, కాఫీ ఇచ్చిండ్రు, కుర్చి జరిపిండ్రు. అంతే, అడ్తిదారు గల్లా పట్టుకునే పోరడు అక్కడ "సరే సార్, సరే సార్" అనుకుంట కూసున్నడు. అడిగితే ఇజ్జత్ పోతదని భయం. పైసలు ఇచ్చేది మనం, భయపడేది కూడ మనమే.

చేతికిచ్చిన కాయిదం లెక్క ఇట్లుండె. ఎక్స్ షోరూం 5,90,000. లైఫ్ ట్యాక్స్ 82,600. ఇన్సూరెన్స్ 38,500. యాక్సెసరీస్ కిట్ 18,000. ఎక్స్‌టెండెడ్ వారంటీ 12,500. హ్యాండ్లింగ్ చార్జీలు 7,500. రిజిస్ట్రేషన్ ఖర్చులు 3,500. ఫాస్టాగ్ 600. మొత్తం 7,53,200. కింద పెద్దక్షరాలల్ల "ఆన్ రోడ్ ధర" అని రాసి గీత కొట్టిండ్రు. మావోడు ఆ గీత కిందిది ఒక్కటే చూసిండు. "ఇంకేమన్న తగ్గుతదా సార్?" అని మెల్లగ అడిగిండు. సేల్స్ పిలగాడు నవ్వి, "జీఎస్టీల ఆల్రెడీ తగ్గింది కద అన్నా" అన్నడు.

ఇగో, అసలు ముచ్చట ఈ మాట దగ్గరనే ఉన్నది. 2025 సెప్టెంబర్ 22న, అంటే ఎంగిలిపూల బతుకమ్మ తెల్లారి, కేంద్రం చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తెచ్చింది. నాలుగు మీటర్ల లోపు పొడుగు, 1200 సీసీ లోపు ఇంజన్ ఉన్న పెట్రోల్ కారుకు అంతకుముందు 28 మీద 1 శాతం సెస్ కలిపి 29 పడుతుండె. పన్ను లేకుండ 5 లక్షలున్న బండి అప్పుడు 6,45,000, ఇప్పుడు 5,90,000. అంటే 55 వేలు తగ్గినట్టు. షోరూం ధర మీదనే లైఫ్ ట్యాక్స్ పడ్తది కాబట్టి అదింకో 7,700 తగ్గినట్టు. లెక్కకైతే బరాబరే.

గని ఆ 55 వేలు షోరూమోడు ఇచ్చిన డిస్కౌంట్ కాదు, సర్కార్ ఇడిసిపెట్టిన పన్ను. మన దుకాణపోడు తన జేబుల నుంచి రూపాయి తీయకుండనే "తగ్గించినం" అని మనకే చెప్తున్నడు. పన్ను తగ్గక ముందట కంపెనీ స్కీం, డీలర్ స్కీం అని వేర్వేరుగ ఇచ్చినయి ఇప్పుడు ఉన్నయా లేవా అని అడిగేటోడు లేడు. ఇంకో సంగతి చెప్త, ఇది చాన మందికి తెల్వదు. పన్ను తగ్గినప్పుడు ఆ లాభం కొనేటోళ్లకు ఇయ్యకుండ మింగితే ఫిర్యాదు తీస్కునేందుకు జీఎస్టీ చట్టంలనే ఒక ఏర్పాటు ఉండె. మొదట దానికో అథారిటీ ఉండె, 2022 డిసెంబర్ నుంచి ఆ పని కాంపిటీషన్ కమిషన్‌కు అప్పజెప్పిండ్రు. 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీస్కునుడే బంద్ చేసిండ్రు. ఏప్రిల్‌ల తలుపు మూసి, సెప్టెంబర్‌ల పన్ను తగ్గించిండ్రు! జనం అడిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయుండ్రి అన్నరు. చేయాలె, నేనూ చేయమనే చెప్త. గని హెల్ప్‌లైన్ వేరు, జుర్మానా ఏసే చట్టం వేరు.

మల్ల కాయిదం కాడికి వద్దాం. అందుల ఏది కదులుతది, ఏది కదలదో తెలిస్తేనే బేరం. లైఫ్ ట్యాక్స్ కదలదు. 5 నుంచి 10 లక్షల నడుమ బండికి మన రాష్ట్రంల 14 శాతం. పేరు మీద అప్పటికే ఇంకో కారుంటే మరో 2 శాతం పడ్తది కాబట్టి ఇంట్ల ఎవ్వల పేరు మీద రాయాల్నో ముందే సోంచాయించుండ్రి. ఎలక్ట్రిక్ బండికైతే 2026 డిసెంబర్ 31 దాక ఈ పన్నే లేదు, ఎవ్వలన్న పన్ను పేరు మీద పైసలు అడిగితే కాయిదం చూపియ్యమనుండ్రి. 10 లక్షలు దాటిన బండికి 1 శాతం టీసీఎస్ అని పట్టుకుంటరు. అది పోయిన పైస కాదు, ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ ఏస్తే లెక్కల కలుస్తది. మన ఊర్లల్ల రిటర్న్ ఏసేది ఎవ్వలు? ఏసేది తెల్వక అక్కడ్నే ఇడిసిపెడ్తున్నరు.

హ్యాండ్లింగ్ చార్జీలు అంటే ఏంది? గోడౌన్ నుంచి షోరూంకు బండి తెచ్చిన ఖర్చట. అరే, మండిల అడ్తిదారు "డబ్బా లోపటికెల్లి బయటికి తెచ్చిన, దానికి వేరే పైసలు ఇయ్యి" అంటే ఊకుంటమా? అది సర్కార్‌కు కట్టే పైస కాదు, ఏ పన్నుల లెక్కల రాదు. కాయిదం మీద పేరు మార్చి లాజిస్టిక్స్ అని, డిపో చార్జి అని, ఫెసిలిటేషన్ అని కూడ రాస్తున్నరు. "దీనికి జీఎస్టీ నంబర్ ఏసి వేరే బిల్లు ఇయ్యుండ్రి" అని మావోనితోని అనిపిచ్చిన. మేనేజర్ దగ్గరికి పోయొచ్చి తీసేసిండ్రు. నంబర్ ప్లేట్‌కు పైసలు అడిగినా గట్లనే. 2019 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లకు హై సెక్యూరిటీ ప్లేట్ కంపెనీయే ఇయ్యాలె, అది బండి ధరలనే ఉంటది.

ఇన్సూరెన్స్‌ల చాన పైసలు దాగి ఉంటయి. 1000 నుంచి 1500 సీసీ లోపు కొత్త కారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ ప్రీమియం 10,640 అని సర్కారే రేటు కట్టింది, పన్ను వేరే. అది ఎక్కడ కొన్నా ఒక్కటే. తేడా అంత బండి డ్యామేజి పాలసీ మీద, దానికి తగిలించే చిన్న చిన్న కవర్ల మీద వస్తది. షోరూంల కొంటేనే డెలివరీ ఇస్తం అనుడు నడవది. 2017 నుంచి ఇన్సూరెన్స్ రెగ్యులేటర్ నిబంధనలు ఖుల్లా చెప్తున్నయి, ఎక్కడ కొనాల్నో కొనేటోని ఇష్టం. మావోడు అవే కవర్లతోని బయట అడిగితే 27,000 అన్నరు. 11,500 తేడా! రెండు గంటల పని.

ఇగ అప్పు. ఇక్కడ పోయే పైసల ముంగట డిస్కౌంట్ ఎంత వచ్చినా దండుగనే. షోరూంల కూసున్న ఫైనాన్స్ పిలగాడు "ఏడు శాతమే అన్నా" అన్నడు. మావోని ఊరి బ్యాంకు 9 శాతం అన్నది. చిట్టి పైసలు పోను కావాల్సింది 5 లక్షలు, అయిదేండ్లకు. ఏడు తక్కువ, తొమ్మిది ఎక్కువ, ఎడ్డోడు కూడ చెప్తడు అనుకున్నడు మా పోరడు. గని ఆ ఏడు ఫ్లాట్ వడ్డి. నువ్వు అసలు కట్టుకుంట పోతున్నా అయిదేండ్ల దాక పూరా 5 లక్షల మీదనే ఏడు ఏస్తరు. వడ్డి 1,75,000, నెలకు 11,250. బ్యాంకు తొమ్మిదేమో మిగిలిన అసలు మీదనే. నెలకు సుమారు 10,380, మొత్తం వడ్డి లక్షా 23 వేల లోపే. ఏడు అన్నోడు తొమ్మిది అన్నోని కంటే 52 వేలు ఎక్కువ గుంజుతున్నడు. అసలు రేటు లెక్కగడితే వాని ఏడు పన్నెండున్నర దగ్గరికి పోతది. 2024 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు చెప్పిన ప్రకారం అప్పు ఇచ్చేటోడు కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అని ఒక కాయిదం ఇయ్యాలె. అందుల అన్ని ఖర్చులు కలిపిన ఏడాది రేటు రాసి ఉంటది, అది మనకు సమజైన భాషల ఉండాలె. "ఆ కాయిదం తెలుగుల ఇయ్యి తమ్మీ" అన్న. ఫైనాన్స్ పిలగాడు ఫోన్ వచ్చిందని బయటికి పోయిండు, మల్ల రాలే.

షోరూమోడు ఎక్కడిదాక దిగుతడు? చిన్న కార్ల మీద డీలర్‌కు మిగిలేది నూటికి అయిదు, అటు ఇటుగ అంటరు. అందుకే బండి ధర మీద లక్ష తగ్గియ్యమంటే వాడు నవ్వుతడు. వాని లాభం ఎక్కువ భాగం ఇన్సూరెన్స్‌ల, అప్పు కమీషన్‌ల, కిట్టుల, సర్వీసుల ఉంటది. మనం ఎప్పుడూ బండి ధర దగ్గరనే గింజుకుంటం, వాడు పక్కకెళ్లి తీస్కుంటడు. మన దిక్కు పశువుల అంగడిల కండువ కింద చేతులు పట్టుకొని వేళ్లతోని ధర చెప్పుకునేటోళ్లు, యాదికున్నదా? అమ్మేటోనికి, కొనేటోనికి ఇద్దరికీ ఎద్దు సంగతి తెలుసు. పండ్లు లెక్కపెట్టి, నడిపిచ్చి చూసినంకనే చెయ్యి లోపట పెట్టేటోళ్లు. షోరూంల ఆ కండువ కింద మన చెయ్యి ఒక్కటే ఉన్నది.

ఎద్దు పండ్లు చూసినట్టు బండి పుట్టిన తారీఖు చూడుండ్రి. ఫారం 21ల తయారైన నెల, సంవత్సరం ఉంటయి. డిసెంబర్‌ల, జనవరిల పాత సంవత్సరం బండి అంటగడితే మీరు అమ్మే రోజు ఏడాది పాతదని లెక్కగడ్తరు, కాబట్టి ఆ తరుగు ఇప్పుడే అడగాలె. రిజిస్ట్రేషన్ కాకముందే బండి ఎండల పెట్టి చూడాలె. బుకింగ్ పైసలు సేల్స్‌మన్ ఫోన్ నంబర్‌కు కొట్టొద్దు, షోరూం రశీదు తీస్కోవాలె. ఊర్లోళ్లకు రూరల్ ఆఫర్ అని కొన్ని కంపెనీలు వేరే ఇస్తయి. అడగంది చెప్పరు, రుజువులు పట్టుకపోవాలె.

నడుమ ఒక మాట. బేరం అసలే ఆడని జాగ ఇంకోటున్నది, అది కట్నం కారు. పిల్ల తండ్రి పైసలతోని అల్లుడు టాప్ మోడల్ ముట్టుకుంట తిరుగుతడు, కిట్టు కావాల్నా అంటే కావాలంటడు. ఆ తండ్రి వెనుక కుర్చీల కూసోని లెక్క పెట్టుకుంటడు. ఆ బిల్లుల అన్ని లైన్లు పూరా ఉంటయి. సదువుకున్న తమ్ముళ్లకే చెప్తున్న.

ఆటో డ్రైవర్ల గతి ఇంకా అన్యాయం. పట్నంల కొత్త ఆటోలకు పర్మిట్లు ఏండ్ల తరబడి కట్టడి చేసి, పాత పర్మిట్‌నే ఒక సరుకు చేసిండ్రు. 2025ల అవుటర్ రింగ్ రోడ్డు లోపట 65 వేల కొత్త ఆటోలకు సర్కార్ ఒప్పుకున్నది. మంచిదే. గని లెక్క కట్టిన బండ్లు, లెక్కలేనంత మంది కొనేటోళ్లు ఉన్నకాడ షోరూమోడు ధర ఎందుకు దించుతడు? సంతోష్‌నగర్ల, చంచల్‌గూడల కిరాయి ఆటో నడిపేటోడు బేరం ఆడలేడు, వాని ఎనుక వరుస కట్టి ఇంకో పది మంది ఉంటరు. కార్ల బేరం తెలివితోని కొంత నడుస్తది. ఇక్కడ ధరల మీద రవాణా శాఖ నిగా పెట్టకుంటె తెలివికి పని లేదు.

మావోని సంగతి ఏమైందంటే, అదే కంపెనీ బండికి మూడు షోరూంలల్ల కాయిదాలు రాపిచ్చుకున్నం. మూడోది నెలాఖరు రోజు. సేల్స్ పిలగానికి టార్గెట్‌కు ఒక్క బండి తక్కువున్నదట, నల్లగొండ దిక్కు పోరడే, ఖుల్లనే చెప్పిండు. వాని మీద నాకు కోపం లేదు, జీతం తక్కువ, ఇన్సెంటివ్ మీద బతుకు. మేనేజర్‌తోని మాట్లాడి 15 వేలు దించిపిచ్చిండు. కిట్టు తీసేసినం, హ్యాండ్లింగ్ తీసేసినం, ఇన్సూరెన్స్ బయట, ఎక్స్‌టెండెడ్ వారంటీ అసలు వారంటీ అయిపోకముందు ఎప్పుడన్న తీస్కోవచ్చని ఆపినం. 7,53,200 కాయిదం 6,88,700 కాడ ఆగింది. 64,500 మిగిలినయి. మ్యాట్లు బయట 1,800కు ఏసిపిచ్చిండు.

డెలివరీ రోజు మా బావను ముందు సీట్ల కూసోబెట్టి ఫోటో తీస్తున్నరు. పక్క టేబుల్ కాడ ఓ పెద్దమనిషి బిల్లు చూస్కుంటున్నడు, హ్యాండ్లింగ్ 8,500 కట్టేసిండట. "అది తప్పనిసరా బాబు?" అని నన్నడిగిండు. కాదని చెప్పి 1915 నంబర్ రాసిచ్చిన. అయిదు లక్షల లోపు సరుకు కేసైతే జిల్లా వినియోగదారుల కమిషన్ల ఫీజు కూడ లేదని, ఆయినది దాటినా వకీలు లేకుండనే వేసుకోవచ్చని చెప్పిన. ఆయన అక్కడ్నే నిలవడి ఫోన్ కలిపిండు.