మెట్లదారియే ప్రాణాధారము

పల్నాటి సీమలో కృష్ణానది కుడిగట్టున విజయపురి సౌత్ అను ఊరు కలదు. 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. పిదప ఆనకట్ట పనివారికిని, ఉద్యోగులకును నివాసముగా ఏర్పడిన కాలనీ ఇది. ఇట్టి కాలనీలలోని ఒంటి అంతస్తు ఇంట నిప్పు పుట్టినచో, ఇంటివారు గడప దాటిన చాలును, ఆరుబయట నుందురు.

కాని ఆ ఊరి పిల్లలు పెద్దవారై చదువులకును, ఉద్యోగములకును గుంటూరు, విజయవాడ, హైదరాబాదు నగరములు చేరుచుందురు. అచ్చట స్థలము తక్కువ, జనము ఎక్కువ. అందుచేత ఇంటిపై ఇల్లు లేచుచున్నది. ఐదవ అంతస్తులో నున్నవానికి గడప దాటినంతనే నేల దొరకదు. వానికిని నేలకును నడుమ మెట్లదారి యున్నది. ఆ దారి ఏ ఒక్కరిదియు కాదు, అందరిది. అందరిది యగుటచేతనే దానిని పట్టించుకొనువారు లేకున్నారు. నేటి నగర జీవనములో ఇది పెద్ద లోపము.

భవనములలో అగ్ని ఎట్లు వ్యాపించునో శాస్త్రజ్ఞులు చిరకాలముగా పరిశోధించుచున్నారు. మన దేశమున రూర్కీలో 1947లో స్థాపితమైన కేంద్ర భవన పరిశోధన సంస్థలో ఈ కృషి జరుగుచున్నది. గోడ, తలుపు మొదలగువానిని పెద్ద కొలిమికి ఎదురుగా నిలిపి పరీక్షింతురు. కొలిమిలోని వేడి అరగంటలో సుమారు 840 డిగ్రీల సెంటిగ్రేడునకును, గంటలో 945 డిగ్రీలకును పెరుగును. గోడ ఎంతసేపు కూలక నిలిచినది? మంట ఎప్పుడు ఆవలికి దూరినది? ఈ లెక్కను బట్టి దానికి గంట, రెండు గంటలు అని నిరోధశక్తిని నిర్ణయింతురు. ఉక్కు మండదు, అయినను 550 డిగ్రీల ప్రాంతమున తన బలములో దాదాపు సగము కోల్పోవును. కావుననే ఉక్కు కంబములకు రక్షణపు పూత వేయుదురు.

ఈ పరిశోధనల వలన తేలిన ముఖ్యవిషయ మొకటి కలదు. మంటకంటె పొగయే ఎక్కువ ప్రాణములను తీయును. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు లేని మెట్లదారి పొగగొట్టమువలె పొగను పై అంతస్తులకు చేర్చును. 2023 మార్చి 16న సికిందరాబాదులోని స్వప్నలోక్ భవనమున ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక మరణించిరి. 1970లో తొలిసారి వెలువడి 2016లో సవరింపబడిన జాతీయ భవన నియమావళి అందుకే మెట్లదారులను గూర్చియు, పొగ నాపు తలుపులను గూర్చియు విపులముగా చెప్పుచున్నది.

ఆకాశమునంటు మేడలకే ఈ భయమని తలచరాదు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినారు సమీపమున, గుల్జార్ హౌజ్ వద్ద, కొద్ది అంతస్తుల పాత భవనము కాలిపోయి 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పిల్లలు. పైకి పోవుటకు ఇరుకైన మెట్లదారి యొక్కటే కలదు. ధనిక దేశములును ఈ ఆపదకు అతీతములు కావు. లండనులో గ్రెన్‌ఫెల్ అను 24 అంతస్తుల భవనమునకు వెలుపల తొడిగిన పలకలు 2017 జూన్ 14న అంటుకొని 72 మంది మృతికి కారణమైనవి. దానికిని మెట్లదారి యొక్కటే!

రెండవ మెట్లదారికి స్థలము పోవునని, ఖర్చు పెరుగునని, ఇల్లు బీదవాని కందదని కొందరందురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. పాత భవనమునకు కొత్త దారి కట్టుట కష్టమే. కాని ఉన్న దారిని ఖాళీగా ఉంచుటకు ఖర్చేమి? సైకిళ్లు, గ్యాసు బండలు, విరిగిన కుర్చీలు అచ్చట పేర్చుమని ఎవరు చెప్పిరి? అత్యవసర ద్వారమునకు తాళము వేయుట పొదుపు కాదు, మూర్ఖత. శాస్త్రజ్ఞుడు గంటసేపు నిలుచు తలుపును చేసి ఇచ్చినను, గాలికని దానికి ఇటుక అడ్డము పెట్టినచో ఆ గంట ఒక్క నిమిషమైనను మిగులదు.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట తగదని పెద్దల మాట. నిజమునకు, చెంత సాగరమంత నీరున్నను తొలి నిమిషములలో ప్రాణము కాచునది నీరు కాదు, దారి. విద్యార్థులు తామున్న ఇంట, బడిలో, హాస్టలులో బయటికి పోవు దారులెన్నియో తెలిసికొనవలెను. నిప్పు పుట్టినపుడు లిఫ్టు ఎక్కరాదు; పొగలో వంగి నడువవలెను; బయటపడుచు తలుపు మూయవలెను; 101కి ఫోను చేయవలెను. ఇంతకంటె ముందుగా, మెట్లమీది అడ్డును నేడే తొలగింపవలెను. మెట్లదారిలో నిలిపిన సైకిలు ఒకరిది. చీకటిలో, పొగలో, దానికి తగిలి పడునది మరియొకరి బిడ్డ.