శిక్షణ విమాన ప్రమాదాలు: తప్పు ఎక్కడ మొదలవుతోంది?

2023 జనవరి 5 రాత్రి మధ్యప్రదేశ్‌లోని రీవా సమీపంలో ఒక శిక్షణ విమానం దిగబోతూ, ఉమ్రీ గ్రామంలోని ఆలయ శిఖరాన్ని ఢీకొని కూలిపోయింది. పొగమంచు కమ్ముకున్న వేళ జరిగిన ఆ ప్రమాదంలో శిక్షణ ఇస్తున్న సీనియర్ పైలట్ మరణించారు. శిక్షణ పొందుతున్న పైలట్ గాయాలతో బయటపడ్డారు. శిక్షణ విమానం ప్రమాదానికి గురైందనగానే అనుభవం లేని విద్యార్థి పొరపాటు చేసి ఉంటారన్న ఊహ సహజంగా కలుగుతుంది. రీవా ఘటన ఆ ఊహను ప్రశ్నార్థకం చేసింది. అనుభవజ్ఞుడు పక్కనే ఉన్నా విమానం రన్‌వేను చేరలేదు. దిగే క్షణంలో బయటపడే తప్పు, నిజానికి ఎక్కడ మొదలవుతోందన్నదే పరిశీలించవలసిన విషయం.

విమానాన్ని గాలిలోకి లేపడం కన్నా నేలకు దించడం కష్టం. రన్‌వేకు కొద్ది అడుగుల ఎత్తులో ముక్కును మెల్లగా పైకెత్తి, వేగం తగ్గించి, వెనుక చక్రాలు ముందుగా నేలను తాకేలా చూడాలి. ఈ పని తొందరపడి చేస్తే రెక్కలకు గాలి ఆధారం తప్పి విమానం బరువుగా కింద పడుతుంది. ఆలస్యం చేస్తే ముందు చక్రం నేలను గుద్దుకుని విమానం బంతిలా ఎగురుతుంది. అలా ఎగిరిన విమానాన్ని బలవంతంగా నేలకు దించబోతే చక్రం విరగవచ్చు, ప్రొపెల్లర్ నేలను తాకవచ్చు. శిక్షణలో విరివిగా వాడే రెండు సీట్ల సెస్నా 152 బరువు మనుషులతో, ఇంధనంతో కలిపి గరిష్ఠంగా సుమారు 757 కిలోలే. పక్క నుంచి వీచే గాలి దాన్ని సులువుగా దారి తప్పించగలదు.

ఇందుకు విరుగుడు కూడా విమానయానంలో మొదటి నుంచీ ఉంది. దిగడం కుదరదనిపించిన వెంటనే ఇంజిన్‌కు పూర్తి శక్తినిచ్చి, తిరిగి పైకి లేచి, మరో చుట్టు తిరిగి రావడమే ఆ మార్గం. వృత్తి పరిభాషలో దీన్ని 'గో అరౌండ్' అంటారు. అది వైఫల్యం కాదు, వివేకం. అయితే తొందరలో ఉన్న వ్యవస్థలో ఆ వివేకానికి చోటు తగ్గుతుంది.

ఆ తొందరకు కారణాలు స్పష్టమే. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నిబంధనల ప్రకారం కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు విమానం నడిపిన అనుభవం అవసరం. అందులో 100 గంటలు విమాన బాధ్యతను పూర్తిగా తానే వహించాలి. రాత్రి వేళ నడపడం కూడా తప్పనిసరి. శిక్షణకు అయ్యే ఖర్చు లక్షల రూపాయల్లో ఉంటుంది. ఎన్నో కుటుంబాలు అప్పు చేసి పిల్లలను చేర్పిస్తున్నాయి. వర్షాకాలంలో మేఘాలు, ఉత్తరాదిన శీతాకాలపు పొగమంచు రోజులకు రోజులు హరిస్తాయి. పోయిన గంటలను త్వరగా పూడ్చుకోవాలన్న ఒత్తిడి విద్యార్థిపైనా, విమానం ఖాళీగా ఉంటే నష్టపోయే సంస్థపైనా సమానంగా పడుతుంది. ఈ పరిస్థితిలో 'ఈరోజు ఎగరవద్దు' అని చెప్పగల ధైర్యం ఇన్‌స్ట్రక్టర్‌కు ఉండాలి. కానీ యువ ఇన్‌స్ట్రక్టర్లలో చాలామందికి బోధన ఒక మజిలీ మాత్రమే. విమానయాన సంస్థలో ఉద్యోగం రాగానే వారు వెళ్లిపోతారు.

విద్యార్థిని ఒంటరిగా పంపాలా వద్దా అన్న నిర్ణయం కూడా ఇన్‌స్ట్రక్టర్‌దే. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా తుంగతుర్తి వద్ద కూలిన విమానంలోనూ, 2025 ఏప్రిల్‌లో గుజరాత్‌లోని అమ్రేలీలో కూలిన విమానంలోనూ శిక్షణ పొందుతున్న పైలట్ ఒక్కరే ఉన్నారు, ఇద్దరూ మరణించారు. 2023 అక్టోబరులో మహారాష్ట్రలోని బారామతి వద్ద ఒకే సంస్థకు చెందిన రెండు విమానాలు నాలుగు రోజుల వ్యవధిలో ప్రమాదానికి గురికాగా, డీజీసీఏ అక్కడి శిక్షణను నిలిపివేసింది. వీటి కారణాలు వేర్వేరు కావచ్చు. అయినా పర్యవేక్షణ ఎంత పటిష్ఠంగా ఉందన్న ప్రశ్న అన్నింటికీ వర్తిస్తుంది.

నియంత్రణ సంస్థ ఈ ప్రశ్నను గుర్తించకపోలేదు. 2025 అక్టోబరు 1న డీజీసీఏ శిక్షణ సంస్థలకు తొలిసారి ర్యాంకులు ప్రకటించింది. 35 సంస్థల్లో ఒక్కటీ మొదటి రెండు శ్రేణుల్లో నిలవలేదు. 13 సంస్థలు 'బి' శ్రేణిలో, 22 సంస్థలు 'సి' శ్రేణిలో మిగిలాయి. లోపాన్ని దాచకుండా ప్రజల ముందుంచడం మెచ్చదగినదే. అయితే ఆ మూల్యాంకనంలో భద్రతా ప్రమాణాలకు కేటాయించిన వాటా 20 శాతమే. విద్యార్థి ప్రాణం పణంగా ఉన్న చోట ఆ వాటా సరిపోతుందా అన్నది ఆలోచించవలసిన అంశం.

దర్యాప్తుల తీరు మరో అంశం. విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ (ఏఏఐబీ) 2012లో ఏర్పడింది. దర్యాప్తు లక్ష్యం మళ్లీ ప్రమాదం జరగకుండా చూడటమే తప్ప నింద మోపడం కాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమావళి చెబుతోంది. ఆ స్ఫూర్తి శిక్షణ సంస్థల గదుల్లోకి చేరాలి. నివేదికలు పాఠాలు కావాలి. విమానం ఒకసారి ఎగిరిపడినా విద్యార్థి భయం లేకుండా చెప్పుకోగలగాలి. నేడు దాచిన చిన్న తప్పు రేపు పెద్ద ప్రమాదానికి దారితీస్తుంది.

2023లో ఇండిగో 500, ఎయిర్ ఇండియా 470 కొత్త విమానాలకు ఒప్పందాలు చేసుకున్నాయి. అదే ఏడాది డీజీసీఏ 1,600కు పైగా కమర్షియల్ లైసెన్సులు జారీ చేసింది. పైలట్ల అవసరం ఇంకా పెరుగుతుంది, శిక్షణపై ఒత్తిడీ పెరుగుతుంది. ఎన్ని గంటలు నడిపారన్నది లైసెన్సుకు కొలమానం అవుతోంది. సందేహం కలిగినప్పుడు దిగకుండా వెనుదిరిగారా, వాతావరణం అనుకూలించనప్పుడు ఆగిపోయారా అన్నది కూడా శిక్షణలో అంతే విలువైన కొలమానం కావాలి. రేపు వందలాది ప్రయాణికుల ప్రాణాలను మోసేది నేటి ఈ విద్యార్థులే.